ఇంటికి నలుగురు

అమలాపురం,
10 జూన్ 2024.

శాంతీ,

ఇక్కడ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. దేవుడి దయకు లోటు లేదు. లోటల్లా మనుషులతోనే.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటా అనుకుంటావేమో. మొన్న మనిద్దరం ఫోనులో అరుచుకున్న అరుపులకి పక్కింటి రాజ్యం గారు మా ఇంట్లో దొంగలు పడ్డారనుకుని కర్ర పట్టుకుని వచ్చేసింది. మీ అత్తయ్య నా చేతిలో ఫోను లాక్కుని, "ఇకమీదట మావయ్యా మేనకోడలూ ఏదన్నా ఉంటే కాగితం మీద తిట్టుకోండి. కాగితానికి గొంతుండదు" అంది. నాకూ అదే నయమనిపించింది. ఉత్తరంలో అయితే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు.

నువ్వు హైదరాబాదు ఛానెల్లో ఉద్యోగమని సామాను సర్దుకుని పోయావు. బాగానే ఉంది. ఇక్కడ 'ఇంటికి నలుగురు' సంగతి ఎవరు చూడాలి? మూడేళ్ళపాటు ఆదివారం ఏడయ్యేసరికి ఈ ఊళ్ళో కేబులున్న ప్రతి ఇంట్లోనూ నీ గొంతే వినబడేది. ఇంటికి నలుగురు చొప్పున రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చోవడం, నువ్వు నవ్వుతూ ప్రశ్నలడగడం, గెలిచినవాళ్ళు కుక్కరు పట్టుకుని ఫోటో దిగడం. చూసేవాళ్ళకి అది తేలిక. ప్రశ్నలు రాసేదీ, కెమెరా పట్టేదీ, కత్తిరించి అతికించేదీ నేను కాబట్టి నాకు తెలుసు అది ఎంత బరువో.

అమ్మిరాజు గారిది ఛానెలు, కాబట్టి మాటా ఆయనదే. "ప్రశ్నలు చదవడానికేముందయ్యా ఇశ్రాయేలూ, ఎవణ్ణో ఒకణ్ణి నిలబెట్టు" అన్నారు. పెళ్ళిళ్ళలో డీజే పెట్టే పవన్‌ని తీసుకొచ్చి నిలబెట్టాను. నల్ల కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. ఐనవిల్లి నుంచి ఒక పెద్దాయన భార్యనీ కొడుకునీ కోడల్నీ తీసుకుని వచ్చారు. వీడు ఆ పెద్దావిడ దగ్గరికెళ్ళి "హాయ్ బేబీ, రెడీనా?" అన్నాడు. పెద్దాయన మైకు తీసి బల్లమీద పెట్టి, "పదండి ఇంటికి" అని లేచారు. నలుగురూ వెళ్ళిపోయారు. వాళ్ళని బుజ్జగించి వెనక్కి తేవడానికి నేను బస్టాండుదాకా పరిగెత్తాల్సి వచ్చింది.

ఈ వయసులో నాకిది అవసరమా చెప్పు.

మీ మావయ్య,
ఇశ్రాయేలు.


హైదరాబాదు,
21 జూన్.

మావయ్యా,

మీ ఉత్తరం చదివి హాస్టల్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. 'బేబీ' దగ్గర నా రూమ్మేటు లేచి వచ్చి ఏమైందని అడిగింది.

పవన్ చెడ్డవాడు కాదు. షూటింగుకి ముందు కుటుంబంతో కూర్చుని టీ తాగమనండి. నేను అలాగే చేసేదాన్ని. ఎవరిని అమ్మమ్మా అనాలో, ఎవరిని అండీ అనాలో ఆ టీ దగ్గరే తెలిసిపోతుంది. కళ్ళజోడు మాత్రం మీరే తీసేయించండి.

నేనిక్కడ 'ఇల్లే గెలిచింది' షోలో చేరాను. కుటుంబాల క్విజ్జే, మన షోకి పెద్దక్కలాంటిది. సెట్టు మన ఛానెలు ఆఫీసంత ఉంటుంది. దీనికీ యాంకర్లు నిలవడం లేదు. మొదట చేసిన హీరోయిన్ గారు మానేశారు. "నీకు అనుభవం ఉందిగా, మాకు బాగా పనికొస్తావు" అన్నారు మా డైరెక్టరు. కొత్త భాగాలు జూలై మొదటి ఆదివారం నుంచి వస్తాయి. అదీ సాయంత్రం ఏడింటికే.

అత్తయ్యకి చెప్పండి, ఇక్కడ కొబ్బరికాయ కొంటే లోపల నీళ్ళూ లేవు, కొబ్బరీ లేదు.

శాంతి.


అమలాపురం,
8 జూలై.

శాంతీ,

నన్ను ఊళ్ళో తలెత్తుకోకుండా చేశావు.

నిన్న ఆదివారం ప్రార్థన అయ్యాక మందిరంలో నేనే లేచి చెప్పాను, మా మేనకోడలు ఈ సాయంత్రం హైదరాబాదు ఛానెల్లో యాంకరుగా వస్తోందని. బజార్లో చెప్పాను. రాజోలు ఫోను చేసి మీ అమ్మకి చెప్పాను. ఏడయ్యేసరికి మా హాల్లో కాలు పెట్టే చోటు లేదు. మీ అత్తయ్య పెద్ద గిన్నెడు టీ కాసింది. మన షోని ఆఫీసు కంప్యూటర్లో పెట్టేసి నేనూ వచ్చి కూర్చున్నాను.

సంగీతం మొదలైంది. ఎవడో హాస్యనటుడు పిల్లిమొగ్గ వేసుకుంటూ వచ్చాడు. సరే, వీడు వెళ్ళాక నువ్వొస్తావనుకున్నాం. వాడు వెళ్ళడే! చివర్న పేర్లు వేసినప్పుడు చూద్దామంటే అవి రైల్లోంచి కనబడే స్తంభాల్లా పోయాయి.

"మీ మేనకోడలేదండీ?" అంది రాజ్యం గారు.

"ఆయ్, వచ్చేవారమండీ" అన్నాను. ఏం చెప్పను మరి?

ఇక్కడ సంగతి. పవన్‌ని మాన్పించాను. వీర్రాజు మాస్టారిని పెట్టాను. రిటైరైన హెడ్మాస్టరు గదా, పద్ధతిగా ఉంటుందనుకున్నాను. మరీ పద్ధతైపోయింది. రావులపాలెం నుంచి అరటి గెలల వ్యాపారం చేసుకునే ఆయన వచ్చాడు. జవాబు తప్పు చెప్పాడని మాస్టారు ఆయన్ని భార్యాబిడ్డల ముందు నిలబెట్టేశారు. "తప్పు చెప్పినవాళ్ళు గోడవైపు తిరగాలి" అన్నారు. ఆ పెద్దమనిషి నిజంగానే తిరిగాడు! నా కెమెరాకి ఆయన వీపు తప్ప ఏమీ దొరకలేదు.

ఇంతకీ నువ్వు ఎందుకు రాలేదో రాయి.

మావయ్య.


హైదరాబాదు,
17 జూలై.

మావయ్యా,

నేను యాంకరునని ఏ అక్షరాల్లో రాశానో నా ఉత్తరం తీసి చూడండి. షోలో చేరానన్నాను. అంతే.

నా ఉద్యోగం ఇది. ప్రశ్నలు రాస్తాను. వాటిని పెద్ద అక్షరాలతో అట్టలమీద దించి, కెమెరా పక్కన నిలబడి, యాంకరు గారికి కనబడేలా పట్టుకుంటాను. ఆయన చదువుతారు. ఊళ్ళనుంచి వచ్చిన కుటుంబాలు భయపడితే మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతాను. నా మొహం కనబడేది మేకప్ గది అద్దంలోనే.

మీరు మందిరంలో లేచి చెప్పారా? అమ్మకి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయట. "మీ అమ్మాయిని తీసేశారా?" అని అడుగుతున్నారట. ఎక్కని చెట్టు మీంచి పడిపోయినట్టయింది నా పని. ఇప్పుడు నేను ఇంటికి వస్తే ఎంతమందికి సంజాయిషీ చెప్పుకోవాలి?

ఇంకో విషయం ఉంది గానీ మీకు చెప్పను. చెబితే తెల్లారేసరికి గడియార స్తంభం దగ్గర మైకులో వినబడుతుంది.

మాస్టారిని గోడవైపు తిప్పండి.

శాంతి.


అమలాపురం,
19 ఆగస్టు.

శాంతీ,

గోదారి పొంగి లంకల్లోకి నీళ్ళొచ్చాయని వార్తలు తియ్యడానికి తిరగడంతో ఆలస్యమైంది. ఆలస్యమైనా మంచిదే అయింది. కోపంలో రాసి ఉంటే ఇంకా ఘాటుగా ఉండేది.

నువ్వు చెప్పనన్న 'ఇంకో విషయం' పెళ్ళి సంగతేమోనని మీ అత్తయ్య నెలరోజులుగా నా బుర్ర తింటోంది. నిన్నటి ఆదివారం మీ షో చూశాక తెలిసింది అదేమిటో.

వంటింటి రౌండు!

మగవాళ్ళ కళ్ళకి గంతలు కట్టి, పోపులపెట్టె ముందు కూర్చోబెట్టి, వాసన చూసి మెంతులేవో ఆవాలేవో చెప్పమనడం మన షోలో తప్ప భూప్రపంచంలో ఎక్కడుంది? మురమళ్ళ నుంచి కూడా కుటుంబాలు ఆ రౌండు కోసమే వస్తాయి. ఇప్పుడు దాన్ని ఆ పిల్లిమొగ్గలవాడు చేస్తున్నాడు. వాడు ఎండుమిరపకాయ నమిలి గంతులేస్తుంటే జనం చప్పట్లు. అమ్మిరాజు గారు నా వంక చూసి, "మన సరుకు హైదరాబాదులో బాగా పోతోందే" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒక్క మాట అడిగి ఉంటే నేను కాదంటానా?

ఇక్కడ మాస్టారు ఆరోగ్యం బాగోలేదని మానేశారు. చీరల కొట్టువాళ్ళు మనకి బహుమతులిస్తున్నారు గనక వాళ్ళ కోడలు సత్యదుర్గని పెట్టమన్నారు అమ్మిరాజు గారు. మంచి పిల్ల. కాకపోతే ప్రశ్న చదివి, అదే ఊపులో జవాబు కూడా చదివేస్తోంది. మధ్యమధ్యలో "ఆ చీర ఎక్కడ తీసుకున్నారండీ?" అని అడుగుతోంది. అవతలావిడ వేరే కొట్టు పేరు చెప్పిందనుకో, అక్కడ షూటింగు ఆగిపోతోంది.

ఇశ్రాయేలు.


హైదరాబాదు,
28 ఆగస్టు.

మావయ్యా,

వంటింటి రౌండు ఎవరిది?

అత్తయ్య పోపులపెట్టె అడిగి తెచ్చింది నేను. మొదటిసారి కళ్ళకి గంతలు కట్టుకుని ఇంగువకీ జీలకర్రకీ తేడా తెలియక తుమ్మింది మీరు. "కెమెరాకి వాసన తెలియదు, ఇదేం రౌండు?" అన్నదీ మీరే. నేను పట్టుబట్టి పెట్టించాను. అప్పుడు మీకది పిచ్చి ఆలోచన. ఇప్పుడు మన సరుకు, మీ సరుకు అయిపోయింది.

నా ఆలోచన నేను వెంట తెచ్చుకున్నాను. ఇక్కడ కూడా అది నాదని ఎవరికీ తెలియదు. అట్టలు పట్టుకునే అమ్మాయి పేరు ఎవరడుగుతారు? మీరైనా అడుగుతారనుకున్నాను. మీరు దొంగ అన్నారు. ఆ మాట రాయలేదు గానీ అన్నట్టే ఉంది.

కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

శాంతి.


అమలాపురం,
30 సెప్టెంబరు.

శాంతీ,

రాయనన్నది నువ్వు. నేనేమీ అనలేదు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం మీ అత్తయ్య చదివింది. "కెమెరాకి వాసన తెలియదు అన్నారండీ మీరు, నాకు గుర్తే. ఆ వేళ మీరు తుమ్మితే పసుపంతా పోయింది" అంది. అదీ సంగతి. రౌండు నీదే. ఇంతకంటే వంగి రాయడం నాకు రాదు.

ఇప్పుడు జరిగింది విను. సత్యదుర్గ నీళ్ళోసుకుంది. మైకు చూస్తే వాంతులొస్తున్నాయని రాలేదు. రెండు కుటుంబాలు వచ్చి కూర్చున్నాయి. యాంకరు లేడు. అమ్మిరాజు గారు, "నువ్వే నిలబడవయ్యా" అన్నారు. ఇన్నేళ్ళు కెమెరా వెనకాల ఉన్నవాణ్ణి, ముందుకొస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకున్నానని తర్వాత తెలిసింది.

ఓడలరేవు నుంచి నూకయ్య, అతని భార్య సూర్యకాంతం, కొడుకూ కోడలూ. చేపల వేటకెళ్ళేవాళ్ళు. దంపతుల రౌండులో నూకయ్యని అడిగాను.

"మీ ఆవిడ పుట్టినరోజు ఎప్పుడండీ?"

"తెల్దండీ."

"పోనీ ఏ నెలండీ?"

"వానాకాలమనుకుంటానండీ."

నాకు అప్పటికే పొద్దుట్నుంచీ చిరాగ్గా ఉంది. యాంకర్లందరిమీదా ఉన్న కోపం అతని మీద పడింది. "అనుకుంటావా? సముద్రంలో ఏ వేళ ఏ గాలి తిరుగుద్దో చెప్తావు. ఏ పున్నానికి ఏ చేప పడుద్దో చెప్తావు. ఇన్నేళ్ళుగా కోడి కూయకముందే లేచి నీకు క్యారేజీ కట్టిచ్చే మనిషి ఎప్పుడు పుట్టిందో తెల్దా? చేపపాటి చెయ్యదటయ్యా ఆవిడ?"

నూకయ్య తలొంచేసుకున్నాడు. సూర్యకాంతం చప్పట్లు కొట్టి, "అలా అడగండి బాబూ, గట్టిగా అడగండి!" అంది. మళ్ళీ తనే, "నన్నడిగితే నాకూ తెల్దనుకోండి. మా అమ్మ గోదారి పొంగిన ఏడు అనేదండి. తారీకు ఎవరు రాస్తారండీ మాకు?" అంది.

నాకు కోపం ఎటుపోయిందో తెలియదు. "అయితే ఇవాళే నీ పుట్టినరోజమ్మా. ఎవరన్నా కాదంటే నన్నడగమను" అన్నాను. నూకయ్య లేచి, భార్య వంక చూడకుండా, నేల చూపులు చూస్తూ, "హేపీ బర్త్ డే" అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రశ్నలు ఒక్కటీ సరిగ్గా చెప్పకపోయినా కుక్కరు వాళ్ళకే ఇచ్చేశాను. అవతలి కుటుంబం కూడా ఇచ్చేయమన్నారు.

ఆ ముక్క వాళ్ళ కొడుకు ఫోనుల్లో పెట్టాడట. ఇప్పుడు బజారుకెళితే చాలు, "మమ్మల్నీ తిట్టండి మావయ్యగారూ" అంటున్నారు. కూరగాయలు కొననివ్వడం లేదు.

ఇంటికొచ్చాక మీ అత్తయ్య కంచం పెట్టి ఎదురుగా కూర్చుని, "మరి నాదెప్పుడండీ?" అంది. నేను కరెంటు బిల్లు కోసం లోపలికి వెళ్ళిపోయాను.

మావయ్య.


హైదరాబాదు,
12 అక్టోబరు.

మావయ్యా,

కోపంగానే ఉందామనుకున్నాను. మీ ఉత్తరం, వెనకాలే ఫోనులో ఆ ముక్క. తప్పు గుండీతో సహా చూశాను. సూర్యకాంతం గారు "తారీకు ఎవరు రాస్తారండీ" అన్నప్పుడు మీ మొహం మారడం చూశాను. ఇన్నాళ్ళూ మీ మొహం కెమెరా వెనకాల ఉండిపోయి మాకెవరికీ కనబడలేదు.

ఆపుకోలేక ఆఫీసులో అందరికీ చూపించాను. "ఈయన మా మావయ్య" అని చెప్పుకుని తిరిగాను. మా డైరెక్టరు రెండుసార్లు చూశారు.

అత్తయ్య పుట్టినరోజు అమ్మనడిగి తెలుసుకోండి. నేను చెప్పను.

త్వరలో మీకో మాట చెబుతాను. ఆకుపచ్చ చీరొకటి కొన్నాను. ఎందుకని అడగొద్దు. ఎవరికీ చెప్పొద్దు.

శాంతి.


అమలాపురం,
25 అక్టోబరు.

బంగారుతల్లీ,

నువ్వు చెబుతానన్న మాట నువ్వు చెప్పకముందే తెలిసిపోయింది. మీ డైరెక్టరు గారు నిన్న ఫోను చేశారు!

హాస్యనటుడు మానేస్తున్నాడట. 'ఇల్లే గెలిచింది'కి కొత్త యాంకరు కావాలట. "మీ మేనకోడలు చూపిస్తే మీ వీడియో చూశామండీ, మీరు వచ్చి ఒక ట్రయలు చెయ్యండి" అన్నారు. మీ అత్తయ్య నా చేతిలోంచి ఫోను తీసుకుని, "ఆయ్, వత్తారండి" అని చెప్పేసింది.

రౌండు విషయంలో నేనన్ని మాటలన్నా నువ్వు మనసులో పెట్టుకోకుండా ఇంత పని చేశావు. ఆకుపచ్చ చీర ఎందుకో ఇప్పుడు అర్థమైంది, మావయ్య మొదటి షూటింగుకి కట్టుకోవడానికే కదా!

కోటు కుట్టించమంటే దర్జీ ప్రాణం తీస్తున్నాడు. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. సరిచెయ్యమంటే పొడుగుది వదిలేసి పొట్టిదాన్ని ఇంకా పొట్టి చేశాడు. మళ్ళీ గుడ్డ తీశాను. ఎనిమిదో తారీకున బస్సు దిగుతాను. ఈసారి ఎవరికీ చెప్పలేదు. రాజ్యం గారికి తెలిసిందంటే అది మీ అత్తయ్య చలవ.

మావయ్య.


హైదరాబాదు,
31 అక్టోబరు.

మావయ్యా,

ఉత్తరం అందింది. రండి. బస్సు దిగేచోటికి వస్తాను. ఇక్కడ చలి మొదలైంది, దుప్పటి తెచ్చుకోండి.

శాంతి.


అమలాపురం,
13 నవంబరు.

శాంతీ,

తిరుగు బస్సెక్కేటప్పుడు బస్టాండులో నేను నీతో ఒక్క మాటా మాట్లాడలేదని నువ్వు చిన్నబుచ్చుకుని ఉంటావు. నోరు తెరిస్తే అరుస్తానని మూసుకున్నాను. ఆ అరుపులన్నీ ఇక్కడ చదువుకో.

నీకు నోరు లేదా?

మేకప్ గదిలో పౌడరు రాసినతను, "మాది కొత్తపేటేనండి" అని పలకరించాడు. కాస్సేపయ్యాక, "మీ శాంతి గారికిస్తానన్నారండి ఈ షో. ఆవిడ చీర కూడా తెచ్చుకున్నారండి. ఈలోగా మీ వీడియో చూసి మనసు మార్చుకున్నారండి. ఆవిడ బాగుపడేవారు, పోనీలెండి, షో మీ ఇంట్లోనే ఉంది గదా" అన్నాడు. అద్దంలో నా మొహం నేను చూసుకున్నాను. కొత్త కోటు, తెల్ల పౌడరు. పెళ్ళికొడుకు కుర్చీలో ఎవడో వచ్చి కూర్చున్నట్టుంది.

సెట్లోకి తీసుకెళ్ళారు. ఒక ముసలావిడ ఉంది. నిజం కుటుంబం కాదట, జవాబులు తప్పు చెప్పడానికి పిలిపించిన మనిషట. మీ డైరెక్టరు, "బాగా తిట్టండి సార్, జనానికి మీ తిట్లే కావాలి" అన్నాడు. నువ్వు అట్టలు పట్టుకుని కెమెరా పక్కన నిలబడ్డావు. నేను చదవాల్సిన తిట్లు నీ చేతిరాతలో ఉన్నాయి. ఆ ముసలావిడ నా వంక చూసి భయంగా నవ్వింది.

"ఈవిడ నాకేమవుతుందయ్యా తిట్టడానికి?" అన్నాను. కోటు విప్పేసి బయటికొచ్చేశాను. తర్వాత సంగతి నీకు తెలుసు.

నీ కోసం మానేశాననుకోకు. నాకా పని చేతకాదు, మానేశాను. కానీ నువ్వు, "మావయ్యా, అది నాకిస్తానన్నారు" అని ఒక్క ముక్క రాసి ఉంటే నేను బస్సెక్కేవాణ్ణా? ప్రపంచంలో ఉన్న ప్రశ్నలన్నీ రాస్తావు. నీకు కావలసింది మాత్రం ఎవర్నీ అడగవు. ఇక్కడా అంతే చేశావు, సామాను సర్దుకున్నాకే చెప్పావు.

ఆ డైరెక్టరుని అడుగు. లేకపోతే నాకు ఉత్తరాలు రాయకు.

ఇశ్రాయేలు.


హైదరాబాదు,
24 నవంబరు.

మావయ్యా,

అడగలేదని తిట్టడం తేలిక. మీరు "బంగారుతల్లీ" అని మొదలుపెట్టారు. కోటు చేతుల గురించి అర పేజీ రాశారు. ఆ ఉత్తరానికి నేను ఏమని జవాబు రాయాలి? నాలుగుసార్లు రాసి చించేశాను. చివరికి దుప్పటి తెచ్చుకోమని రాశాను.

మీ మీద నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. మీ వీడియో నేనే చూపించి, నా కాలు నేనే నరుక్కున్నానని ఏడ్చాను. సెట్లో మీరు నా చేతిలో ఆ అట్టలు చూస్తుంటే భూమిలోకి పోదామనిపించింది. ఆ తిట్లు రాయమన్నప్పుడు ఎందుకు రాశానో నాకిప్పటికీ తెలియదు.

మీరు వెళ్ళిన మర్నాడు డైరెక్టరు గదిలోకి వెళ్ళాను. "సార్, ఈ షో నాకిస్తానన్నారు" అన్నాను.

"నీ మొహం ఎవరికి తెలుసమ్మా?" అన్నారు.

"మా మావయ్య మొహం మీకు మొన్నటిదాకా తెలుసా సార్? నేను చూపిస్తే తెలిసింది. వంటింటి రౌండు మీకు నచ్చింది కదా, అదీ నాదే. మూడేళ్ళు మా ఊళ్ళో ఈ పని చేశాను. నాకు అట్టలు కూడా అక్కర్లేదు" అన్నాను. ఆయన పెన్ను బల్లమీద పెట్టి డైరీ తెరిచారు.

సీరియల్ హీరో ఒకాయన్ని మాట్లాడుకున్నారట. ఆయన వచ్చేదాకా రెండు ఎపిసోడ్లు నన్ను చెయ్యమన్నారు. ఆ తర్వాత మాట ఏమీ ఇవ్వలేదు. మొదటిది నిన్న తీశారు. కుటుంబాలతో ముందు టీ తాగాను. పిలిపించిన మనుషులు వద్దన్నాను, సరేనన్నారు. డిసెంబరు ఒకటో తారీకు, ఆదివారం ఏడింటికి వస్తుంది.

ఈసారి రాజ్యం గారికి చెప్పుకోవచ్చు.

శాంతి.


అమలాపురం,
3 డిసెంబరు.

శాంతీ,

చూశాను. తప్పులు ముందు రాస్తాను.

మొదట్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడావు. రెండుసార్లు వేరే కెమెరా వంక చూశావు. ఆ నీలం చొక్కా పెద్దాయన ఏదో చెప్పబోతుంటే బజరు మోగిందని ఆపేశావు. బజరు మోగితే మోగనీ, పెద్దాయన మాట పూర్తికావాలి. ఆకుపచ్చ చీర ఆ లైట్ల కింద నల్లగా కనబడింది. ఈసారి పసుపు కట్టు.

మిగతాదంతా బాగుంది. ఆ కోడలు పిల్ల జవాబు తెలియక ఏడుపు మొహం పెడితే, నువ్వు వెళ్ళి పక్కన కూర్చుని, "నాకూ తెలియదులెండి, కార్డు చూసి చెబుతున్నాను" అన్నావు చూడు, అక్కడ మీ అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, ఇంకా నొప్పిగా ఉంది.

ఇక్కడ నాకు వచ్చిన తంటా విను. శుక్రవారమే అమ్మిరాజు గారి దగ్గరికి వెళ్ళి, "ఆదివారం మన షో వెయ్యనండీ" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచారు. "మతి పోయిందా ఇశ్రాయేలూ? ఛానెలు పెట్టిన కాడ్నించీ తుపానొచ్చినా ఆపలేదు. జనం తిడతారయ్యా!"

"ఎవరూ చూడరండీ. నేనూ చూడను. ఎవరూ చూడనిది వెయ్యడం దేనికండీ?"

ఆయన గొణుక్కున్నారు, విసుక్కున్నారు, మన ఛానెలు మూసేసి పక్క ఛానెలుకి పాలేరుతనం చేద్దామా అన్నారు. నేను కదల్లేదు. ఆదివారం ఏడింటికి మన ఛానెల్లో నల్లతెర మీద నేనే రాసి పెట్టించాను: 'ఇంటికి నలుగురు ఈ వారం లేదు. మన శాంతి ఇల్లే గెలిచిందిలో వస్తోంది. అక్కడికి పోయి చూడండి.' అమ్మిరాజు గారు మా హాల్లో కూర్చుని, నా ఎదురుగానే రిమోట్ తీసుకుని మార్చుకున్నారు.

సోమవారం పొద్దుట్నుంచీ ఫోన్లే. ఈ వారం షూటింగుకి రావలసిన రెండు కుటుంబాలవాళ్ళూ మా అరుగుమీద కూర్చున్నారు, మా సంగతేమిటని. నువ్వు రెండు ఎపిసోడ్లన్నావు కాబట్టి వచ్చే ఆదివారం కూడా మన షో లేదని చెప్పేశాను. ఆపై ఆదివారం సంగతి మీ డైరెక్టరుని అడిగి వెంటనే తెలియజెయ్యి. వీళ్ళు నన్ను బతకనివ్వడం లేదు.

మీ మావయ్య,
ఇశ్రాయేలు.